బుకనీర్ అంటే మాంసం ఎండబెట్టేవాడు: కరీబియన్ ఓడదొంగల తిండి, వాళ్ళ కాలపు ఓడ పిల్లులు

పొయ్యిగడ్డ (నల్గొండ), ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మొన్న మా డాబా మీద ఒరుగులు పెట్టాను. మటన్‌ని వేలెడు వెడల్పున పొడుగు పేలికలుగా కోసి, ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి, రాత్రంతా ఊరనిచ్చి, పొద్దున్నే దారానికి గుచ్చి దండేనికి కట్టడం మా అమ్మమ్మ నాటి పద్ధతి. మూడు రోజులు ఎండాలి. ఆ మూడు రోజులూ కర్ర పట్టుకుని కాపలా కాయాలి. ఒక పక్క కాకులు, ఇంకో పక్క పక్కింటి బూడిదరంగు పిల్లి.

అలా కూర్చుని కరీబియన్ చరిత్ర చదువుతుంటే ఒక మాట దగ్గర ఆగిపోయాను. బుకనీర్. ఇన్నాళ్ళూ దాన్ని ఓడదొంగ అనే అర్థంలోనే విన్నాను. అసలు అర్థం బుకాన్ మీద మాంసం ఎండబెట్టేవాడు. బుకాన్ అంటే పచ్చికర్రలతో కట్టిన అటక. కింద సన్నటి నిప్పు, పైన ఉప్పు పట్టించిన మాంసం పేలికలు. పొగ బాగా రావడానికి తోలుముక్కలు, ఎముకలు నిప్పులో పడేసేవాళ్ళు. అది అమెరికా ఆదివాసుల మాట, ఫ్రెంచివాళ్ళ నోట పడి బుకానియే అయింది, ఇంగ్లీషులో బుకనీర్ అయింది.

వెనక కథ ఇంకా గట్టిది. హిస్పానియోలా దీవి (ఇప్పుడు హైతీ, డొమినికన్ రిపబ్లిక్) ఉత్తర, పడమటి తీరాల జనం డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు ఓడలకు దొంగచాటుగా తోళ్ళు అమ్ముతున్నారని, 1605-06లో స్పెయిన్ గవర్నర్ ఆంటోనియో దె ఒసోరియో ఆ ఊళ్ళన్నిటినీ బలవంతంగా ఖాళీ చేయించాడు. మనుషులు పోయారు, పశువులూ పందులూ మిగిలి అడవి మందలయ్యాయి. ఆ మందల కోసం ఓడల నుంచి పారిపోయినవాళ్ళు, పని దొరకని ఫ్రెంచివాళ్ళు వచ్చి చేరారు. వేటాడేవాళ్ళు, మాంసం పొగబెట్టి వచ్చేపోయే ఓడలకు అమ్మేవాళ్ళు. వీళ్ళను వెళ్ళగొట్టాలని స్పెయిన్‌వాళ్ళు ఈసారి మందల్నే చంపడం మొదలుపెట్టారు. కూడు పోయింది. అప్పుడు వేటగాళ్ళు పక్కనే ఉన్న టోర్టూగా దీవిని స్థావరం చేసుకుని, పడవలెక్కి స్పెయిన్ ఓడల మీద పడ్డారు.

నాకైతే ఆ చరిత్ర మొదలయ్యేది పొయ్యి దగ్గరే అనిపిస్తోంది. మీకు తెలిసిన సంగతులు రాయండి. తిండి గురించి ముఖ్యంగా.

చుక్కాని (విశాఖపట్నం), ఆదివారం రాత్రి 10:02

అక్కా, చాలా మంచి చర్చ మొదలుపెట్టారు. నేను సరుకు ఓడల్లో ఇంజనీరుని, జమైకాలోని కింగ్‌స్టన్ రేవుకి రెండుసార్లు వెళ్ళాను. రేవుకి ఎదురుగా సన్నగా సాగిన ఇసుక నేల చివర పోర్ట్ రాయల్ ఉంటుంది. 1655లో ఇంగ్లీషువాళ్ళు జమైకాని స్పెయిన్ దగ్గర లాక్కున్నాక బుకనీర్లకు అదే పెద్ద అడ్డా అయింది. 1671లో పనామాని కొల్లగొట్టిన హెన్రీ మోర్గాన్ అడ్డా కూడా అదే. తర్వాత అతనికి సర్ బిరుదు ఇచ్చి అదే దీవికి ఉప గవర్నర్‌గా పంపారు. 1692 జూన్ 7న భూకంపం వచ్చి ఊళ్ళో పెద్ద భాగం సముద్రంలోకి జారిపోయింది. నీళ్ళ అడుగున దొరికిన ఒక జేబు గడియారం 11:43 దగ్గర ఆగి ఉంది. ఒడ్డున నిలబడితే నీళ్ళు మామూలుగానే కనిపిస్తాయి. కింద వీధులున్నాయని తెలిసి చూస్తే మాత్రం గుండె బరువెక్కుతుంది.

ఓడ తిండి సంగతికొస్తే, అప్పట్లో ఉప్పులో ఊరేసిన గొడ్డుమాంసం, పందిమాంసం పీపాల్లో ఉండేవి. రాయిలాంటి బిస్కెట్లు, వాటిలో పురుగులు. తాగే నీళ్ళు కొన్ని వారాలకే పాచి పట్టేవి. తాజా మాంసం కావాలంటే తాబేలు. పచ్చ తాబేలుని వెల్లకిలా పడుకోబెడితే కదల్లేదు, వారాల తరబడి బతికే ఉంటుంది. అందుకే కేమన్ దీవుల దగ్గర ఆగి తాబేళ్ళని బతికుండగానే ఓడలో పేర్చుకునేవాళ్ళు. 1503లో కొలంబస్ ఆ దీవులకి పెట్టిన పేరే తాబేళ్ళ దీవులు. వాటికి జరిగింది చదివితే అన్నం సహించదు.

కొత్తకెరటం (కాకినాడ), ఆదివారం రాత్రి 10:20

నమస్తే అండి, నేను డిగ్రీ చదువుతున్నాను, ఇక్కడ కొత్త. చిన్న డౌట్. బొమ్మల్లో ఓడ మీద పిల్లి ఉంటుంది కదా, నిజంగా పిల్లుల్ని తీసుకెళ్ళేవాళ్ళా? నీళ్ళంటే పడని జంతువు సముద్రం మీద ఎలా ఉంటుంది?

మ్యావ్‌వాళ్ళ ఇల్లు (హైదరాబాద్), ఆదివారం రాత్రి 11:15

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను తమ్ముడూ. తీసుకెళ్ళేవాళ్ళు, అదీ ముద్దు కోసం కాదు. ఎలుక ధాన్యం తింటుంది, బిస్కెట్ సంచులు కొరుకుతుంది, తెరచాపలూ తాళ్ళూ పాడుచేస్తుంది. మధ్యధరా సముద్రపు వర్తకులు పాటించిన కోన్సొలాట్ దె మార్ అనే పాత చట్టంలో ఒక నియమం ఉంది. ఓడలో పిల్లి లేక ఎలుకలు సరుకు పాడుచేస్తే ఆ నష్టం ఓడ యజమాని కట్టాలి. పిల్లి ఉండి కూడా పాడైతే అతని మీద తప్పు లేదు. అంటే పిల్లి ఓడ సామగ్రిలో ఒక భాగం.

అమెరికా తీరంలో ఎముకలే సాక్ష్యం. 1559లో ట్రిస్టాన్ దె లూనా అనే స్పెయిన్ నాయకుడి ఓడలు మెక్సికో నుంచి ఫ్లోరిడాలోని పెన్సకోలా వచ్చి, తుఫానులో మునిగాయి. వాటిలో ఒకదానిలో పెద్ద పిల్లిది ఒకటి, కూనది ఒకటి, రెండు పిల్లుల ఎముకలు దొరికాయి. ఎముకల్ని పరీక్షిస్తే పెద్ద పిల్లి ఎలుకల మీద పెద్దగా ఆధారపడలేదని తేలింది. చేపలు, పెంపుడు జంతువుల మాంసం తిన్నది. నావికులు తమ పళ్ళెంలోంచి పెట్టారన్నమాట! రోజూ మా వీధిలో పన్నెండు పిల్లులకి అన్నం పెట్టేదాన్ని, అది చదివిన రాత్రి నిద్ర పట్టలేదు నాకు. ఉప్పుమాంసం కరువైన ఓడలో కూడా ఎవరో ఒక ముక్క విదిలించి ఉంటారు.

ఇంకా పెద్ద కథ ఉంది, అలెగ్జాండర్ సెల్కిర్క్‌ది. రేపు తీరిగ్గా రాస్తాను.

పాతకాగితం (గుంటూరు), సోమవారం ఉదయం 6:40

అమ్మా పొయ్యిగడ్డ గారూ, మీరు రాసింది నిజమే. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కనుక ఒక మాట చేర్చాలి. ఆకలి నుంచి పుట్టారని వాళ్ళని వీరుల్ని చేయకూడదు. బ్లాక్‌బియర్డ్ అనే ఓడదొంగ ఎడ్వర్డ్ టీచ్ పెద్ద ఓడ క్వీన్ ఆన్స్ రివెంజ్ అసలు పేరు లా కాంకోర్డ్. ఆఫ్రికా నుంచి బానిసల్ని మోసుకొస్తున్న ఫ్రెంచి ఓడ. 1717 నవంబరులో కరీబియన్‌లోని ఫ్రెంచి దీవి మార్టినిక్ దగ్గరలో దాన్ని పట్టుకున్నారు. లోపలున్న వందలాది ఆఫ్రికన్లను బెక్వియా దీవిలో దించేశారు. విడుదలేమీ కాదు, ఫ్రెంచివాళ్ళు వాళ్ళని మళ్ళీ ఎక్కించి మార్టినిక్ తీసుకెళ్ళి అమ్మారు.

తిండి గురించి అడిగారు కనుక, అదే ఓడ నుంచి దొంగలు ఎవరెవర్ని బలవంతంగా తమతో ఉంచుకున్నారో చూడండి: ముగ్గురు వైద్యులు, ఇద్దరు వడ్రంగులు, ఒక చోదకుడు, ఇద్దరు నావికులు, ఒక వంటవాడు. వంటవాణ్ణి వదల్లేదు! 1718 మేలో అమెరికా తీరంలోని చార్లెస్టన్ రేవుని దిగ్బంధం చేసి టీచ్ అడిగింది కూడా మందుల పెట్టె. ఆ ఏడాది నవంబరు 22న అదే తీరంలోని ఒక్రకోక్ దీవి దగ్గర అతను హతమయ్యాడు.

బార్తొలొమ్యూ రాబర్ట్స్ అనే ఇంకో ఓడదొంగ ఓడలో రాతపూర్వకమైన కట్టుబాట్లు ఉండేవి. మొదటిదే తిండి గురించి. ముఖ్యమైన విషయాల్లో ప్రతివాడికీ ఓటు, తాజా తిండిలోనూ మద్యంలోనూ సమాన హక్కు. వర్తక ఓడల్లో కెప్టెన్ బల్ల మీద ఒక తిండి, నావికుడికి ఒక తిండి ఉన్న రోజుల్లో ఈ నియమం ఎంతమందిని లాగి ఉంటుందో ఆలోచించండి. 1722 ఫిబ్రవరిలో బ్రిటిష్ నౌకాదళం వచ్చి తన మీద పడినప్పుడు రాబర్ట్స్ పొద్దుటి తిండి ముందు కూర్చున్నాడనీ, ఆ తిండి సల్మగుండీ అనీ అంటారు. మాంసం, చేప, గుడ్లు, ఊరగాయలు, నూనె, పులుపు అన్నీ కలిపిన పళ్ళెం అది.

టొరంటో తాటాకు, సోమవారం ఉదయం 8:05

మాస్టారి మాటకి చేర్పు. పొగబెట్టిన మాంసం పేరు చెప్తే నాకు జెర్క్ అనే జమైకా వంటకం గుర్తొస్తుంది, దాని వెనక ఉన్నది దొంగలు కాదు, పారిపోయిన బానిసలు. 1655లో స్పెయిన్‌వాళ్ళు జమైకా వదిలిపోయేటప్పుడు వాళ్ళ బానిసలు కొండల్లోకి వెళ్ళారు. వాళ్ళే మరూన్లు. కొండల్లో మిగిలిన టైనో ఆదివాసులతో కలిశారు. అడవిపందిని వేటాడి, ఉప్పు, మిరప, పిమెంటో అనే మసాలా గింజ పట్టించి, గుంటలో నిప్పు మీద పెట్టి ఆకులతో కప్పేవాళ్ళు. పొగ పైకి లేస్తే ఇంగ్లీషు సైన్యానికి జాడ తెలిసిపోతుంది. అందుకే మూత. 1739లో ఇంగ్లీషువాళ్ళు చివరికి వాళ్ళతో సంధి చేసుకోవాల్సి వచ్చింది. ఆ రుచి రహస్యంగా బతకడం నుంచి వచ్చిన రుచి. తింటున్నప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

మా పక్కింటి జమైకా ఆంటీ దగ్గర నేర్చుకున్న పద్ధతి రాస్తున్నా. కోడి కిలో, తొడలూ కాళ్ళూ అయితే మంచిది. పిమెంటో గింజలు ఒక పెద్ద చెంచా వేయించి దంచాలి. మిరియం కంటే కాస్త లావుగా ఉంటుంది ఆ గింజ, నలిపితే లవంగం, దాల్చినచెక్క, జాజికాయ ముగ్గురూ ఒకేసారి పలకరించినట్టు ఉంటుంది. స్పెయిన్‌వాళ్ళు దాన్నీ మిరియమే అనుకుని అదే పేరు పెట్టారు. ఇక ఉల్లికాడలు, వెల్లుల్లి, అల్లం, థైమ్ ఆకు, నిమ్మరసం, కాస్త బెల్లం, ఉప్పు, స్కాచ్ బోనెట్ మిరపకాయలు రెండు. మిరపకాయ విషయంలో జాగ్రత్త, గుంటూరు కారం అలవాటైన నోరు కూడా తట్టుకోలేదు. ముద్ద నూరి, కోడికి గాట్లు పెట్టి లోపలిదాకా రుద్ది, ఒక రాత్రి ఉంచాలి. అసలైన రుచి మాత్రం పిమెంటో కర్ర పొగదే. పోర్ట్‌లాండ్ జిల్లాలో బోస్టన్ బే అనే చోట ఇప్పటికీ పిమెంటో కొమ్మలు పరిచి వాటి మీదే మాంసం పెడతారు.

మనవాళ్ళ సంబంధం కూడా ఉంది. జమైకాకి 1845 నుంచి మన దేశపు కూలీలు వెళ్ళారు, ఈ రోజు ఆ దేశపు పెళ్ళిభోజనాల్లో మేకమాంసం కూర తప్పనిసరి. మార్టినిక్, గ్వాడలూప్‌లకి ఫ్రెంచి రేవుల నుంచి వెళ్ళిన కూలీల్లో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడి కూర పేరు కొలంబో, అది తమిళ కుళంబు.

చుక్కాని (విశాఖపట్నం), సోమవారం మధ్యాహ్నం 1:30

కింగ్‌స్టన్ బజారులో నాకు ఎదురైన సంగతి చెప్తాను. బండి మీద చిన్న మామిడిపళ్ళు, పీచు ఎక్కువ, రసం తీపి. పేరేంటని అడిగితే ‘నంబర్ ఎలెవెన్’ అంది అమ్మే ఆవిడ. సగం పండు తిన్నాక కథ తెలిసింది. 1782లో హిందూ మహాసముద్రపు ఫ్రెంచి దీవుల నుంచి కరీబియన్‌లోని ఫ్రెంచి వలసకి మొక్కలు తీసుకెళ్తున్న ఓడని ఇంగ్లీషు నౌకాదళం పట్టుకుని జమైకాకి మళ్ళించింది. మొక్కలకి పేర్ల బదులు అంకెలు కట్టి ఉన్నాయి. 11 అంకె మొక్క మామిడి. మన పండు అక్కడికి కొల్లసొమ్ముగా చేరిందన్నమాట!

పిల్లుల మాట. బ్రిటిష్ నౌకాదళం 1975లో ఓడల్లో పిల్లుల్ని నిషేధించింది. ఇప్పుడు మా ఓడల్లో ఆ పని రేకు చేస్తుంది. రేవుకి కట్టిన లావాటి తాడు మీద గుండ్రటి పళ్ళెంలాంటి రేకు బిగిస్తాం, తాడు వెంట నడిచొచ్చే ఎలుక అక్కడ ఆగిపోవాలి. ఒకసారి రాత్రి డ్యూటీలో టార్చి వేసి చూస్తే ఆ రేకు అంచున ఒక ఎలుక రెండు కాళ్ళ మీద నిలబడి అవతలి వైపు తొంగి చూస్తోంది. చాలాసేపు చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఎలుకలు లేవన్న పారిశుధ్య సర్టిఫికెట్ ఆరు నెలలకోసారి తీసుకోవాలి, అది లేకపోతే రేవులో టెన్షనే.

మునగచెట్టు (పెద్దాపురం), సోమవారం సాయంత్రం 5:15

ఒక ముఖ్యమైన తిండి వదిలేశారండి. కర్రపెండలం. మా ఊరి చుట్టూ పొలాల్లో అదే, సగ్గుబియ్యం మిల్లులూ అవే. అది అమెరికా నేల పంట అని మావాళ్ళలో చాలామందికి తెలియదు. కరీబియన్‌లో టైనో జనానికి అదే రొట్టె. చేదు రకంలో సైనైడ్ విషం ఉంటుంది. తురిమి, పొడుగాటి అల్లిక గొట్టంలో కూరి, పైనుంచి వేలాడదీసి కింద బరువు కడితే గొట్టం సాగి రసమంతా కారిపోతుంది. మిగిలిన పిండిని పెద్ద పెనం మీద పరిచి కాలిస్తే కసాబె రొట్టె. తడి తగలకపోతే నెలల తరబడి నిలవుంటుంది. స్పెయిన్‌వాళ్ళు గోధుమ బిస్కెట్ బదులు ఓడల్లోకి ఎక్కించింది దీన్నే. 2024లో యునెస్కో ఈ రొట్టె చేసే విద్యని వారసత్వ జాబితాలో చేర్చింది. పారబోసిన రసాన్ని కూడా వదల్లేదు, బాగా మరిగిస్తే విషం పోయి నల్లటి పాకం అవుతుంది, అది వేసి వండేదే పెప్పర్‌పాట్ కూర.

మిల్లులో పిండి పిండేటప్పుడు వచ్చే పుల్లటి వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అదే వాసన ఆ దీవుల్లో కూడా వచ్చి ఉంటుంది.

మ్యావ్‌వాళ్ళ ఇల్లు (హైదరాబాద్), సోమవారం రాత్రి 9:50

నిన్న చెప్తానన్న కథ. సెల్కిర్క్ స్కాట్లాండ్ నావికుడు. విలియం డాంపియర్ అనే పాత బుకనీర్ నడిపిన దండయాత్రలో, ఓడ కారిపోతోందని కెప్టెన్‌తో గొడవపడి, 1704లో చిలీ తీరానికి దూరంగా ఉన్న హువాన్ ఫెర్నాండెజ్ దీవిలో దిగిపోయాడు. నాలుగేళ్ళ నాలుగు నెలలు ఒంటరిగా ఉన్నాడు.

రాత్రి పడుకుంటే ఎలుకలు వచ్చి అతని పాదాలు, బట్టలు కొరికేవి. ఆ దీవిలో ఓడల నుంచి దిగిన పిల్లులు కూడా పెరిగి ఉన్నాయి. అతను మేకమాంసం పెట్టి వాటిని మచ్చిక చేసుకున్నాడు. కొన్నాళ్ళకి అవి గుంపులు గుంపులుగా వచ్చి అతని చుట్టూ పడుకునేవి. ఎలుకల బెడద పోయింది. పిల్లులతో, మేకపిల్లలతో కలిసి పాటలు పాడుతూ గంతులేసేవాడట.

పొయ్యిగడ్డ అక్కా, ఇది మీకోసం. ఉప్పు లేక మొదట్లో అతనికి తిండి సహించలేదు. తర్వాత మేకమాంసానికి అక్కడి ఒక చెట్టు కాయల్ని మసాలాగా వాడాడు. అతన్ని కాపాడినవాళ్ళు దాన్ని జమైకా మిరియమనే, పిమెంటో అనే రాశారు. పొయ్యిలోకీ, రాత్రి వెలుగుకీ ఆ చెట్టు కర్రే. అంటే మేకమాంసం, సువాసన కర్ర నిప్పు, చుట్టూ పిల్లులు!

1709 ఫిబ్రవరిలో అతన్ని ఎక్కించుకున్న కెప్టెన్ పేరు వుడ్స్ రోజర్స్. దారి చూపింది అదే డాంపియర్. తొమ్మిదేళ్ళ తర్వాత, 1718లో, బహామాస్‌లోని నాసోకి గవర్నర్‌గా వెళ్ళి అక్కడి ఓడదొంగల అడ్డాని మూయించింది ఈ రోజర్సే.

పాతకాగితం (గుంటూరు), మంగళవారం ఉదయం 6:30

బంగారంలాంటి సంగతి చెప్పావమ్మా. ఎలుకల కథకి ఒక తోక ఉంది. జమైకా చెరకు తోటల్లో ఎలుకల్ని పిల్లులు అదుపు చేయలేకపోయాయి. 1872లో ఎస్ప్యూట్ అనే తోట యజమాని కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసల్ని తెప్పించాడు. మన ముంగిసలు ఎలుకలతో పాటు నేల మీద గూడు కట్టే పక్షుల్నీ, బల్లుల్నీ, పాముల్నీ తుడిచిపెట్టాయి. ఆ దీవి ఇప్పటికీ దాని ఫలితం అనుభవిస్తోంది.

కొత్తకెరటం (కాకినాడ), మంగళవారం ఉదయం 9:00

మాస్టారూ, అక్కా, అందరికీ థాంక్స్. పిమెంటో కర్ర మన దగ్గర దొరకదు కదా, దేని పొగ దగ్గరగా ఉంటుంది? నేను వృక్షశాస్త్రం విద్యార్థిని కనుక నాకు తెలిసింది చెప్తా: పిమెంటో, జామ, నేరేడు, లవంగం ఒకే కుటుంబం. జామ కర్ర ప్రయత్నించండి.

మ్యావ్‌వాళ్ళ ఇల్లు (హైదరాబాద్), మంగళవారం ఉదయం 9:25

భలే ఆలోచన. కానీ అక్కా, ఒక్క మాట గుర్తుంచుకోండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకి విషం, రక్తకణాలు పగిలిపోతాయి. ఒరుగు ముక్కైనా జెర్క్ ముక్కైనా పెట్టకండి. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన ముక్క విడిగా తీసి పెట్టండి.

పొయ్యిగడ్డ (నల్గొండ), ఆదివారం రాత్రి 8:45

చేశాను. పెరట్లో జామచెట్టు ఎండుకొమ్మలు విరిచి, ఇటుకల పొయ్యిలో నిప్పు చేసి, పైన జాలీ, దాని మీద పచ్చి జామ రెమ్మలు పరిచాను. తాటాకు అన్న చెప్పిన ముద్దే, పిమెంటో బదులు లవంగం, దాల్చినచెక్క, జాజికాయ, మిరియాలు కలిపి దంచాను. స్కాచ్ బోనెట్ లేదు కనుక మన పచ్చిమిర్చే. పైన పాత ఇనుప మూకుడు బోర్లించాను. మొదటి అరగంట పొగ మూత అంచుల్లోంచి తన్నుకొచ్చింది, తడి అరిటాకులు చుట్టూ కుక్కితే సద్దుమణిగింది. ఆకులతో ఎందుకు కప్పేవాళ్ళో అప్పుడు చేతికి తెలిసింది. రెండున్నర గంటలు పట్టింది. చర్మం నల్లగా, లోపల రసంతో, జామపొగ తీపిగా పట్టింది. మావారు రెండో ముక్క తినేదాకా మాట్లాడలేదు.

బూడిదరంగు పిల్లి గోడ మీదే కూర్చుని ఉంది మొదటినుంచీ. ఉప్పు లేకుండా ఉడకబెట్టిన ముక్క ఒకటి చిన్న మూతలో పెట్టి గోడ కింద ఉంచాను. చాలాసేపు రాలేదు. నేను లోపలికి వెళ్ళి కిటికీలోంచి చూస్తే దిగి తింటోంది. ఈసారి ఒరుగులు పెట్టినప్పుడు కర్ర కాకులకి మాత్రమే.